ఫ్రాన్స్‌లో మన జాతి ఏదని అడగనే అడగరు. మరి వివక్ష ఉందో లేదో ఎలా తేలుతుంది?

సీన్‌నది_సీను
లండన్‌లో నాలుగేళ్లుండి పోయినేడాది ప్యారిస్ వచ్చాను. లండన్‌లో డాక్టర్ దగ్గర పేరు రాయించుకున్నా, ఉద్యోగానికి అప్లై చేసినా ఒక ఫారం చేతిలో పెట్టేవారు. వైట్ బ్రిటిష్, ఇండియన్, పాకిస్తానీ, బ్లాక్ కరీబియన్... ఏదో ఒక గడిలో టిక్కు పెట్టమని. చిరాకేసేది. ఇక్కడ ఆ గోలే లేదు. మొదట్లో హాయిగా అనిపించింది కూడా.

ఇప్పుడు అసలు సంగతి. రెండు నెలలుగా అద్దె ఇంటి కోసం తిరుగుతున్నా. ఇక్కడ 'దోసియే' అంటారు. జీతం స్లిప్పులు, పన్ను కాగితం, ఉద్యోగ ఒప్పందం, హామీ ఉండేవాళ్ల వివరాలు, అన్నీ ఒక కట్ట కట్టి పంపాలి. ఇప్పటికి 23 పంపాను. పర్మనెంట్ ఉద్యోగం, అద్దెకి మూడు రెట్లు దాటిన జీతం. ఇల్లు చూడ్డానికి పిలిచింది ఇద్దరే. పోయిన వారం ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే 'ఇచ్చేశామండీ' అన్నారు. మా టీమ్‌లో ఒక ఫ్రెంచ్ కుర్రాడున్నాడు, జీతం నాకన్నా తక్కువే. గంటాగి అతనితో ఫోన్ చేయించా. 'శనివారం వచ్చి చూడండి' అన్నారట.

మనసు పాడై, హెచ్‌ఆర్‌లో తెలిసినావిడని ఊరికే అడిగా, మన కంపెనీలో నాలాంటివాళ్లు ఎందరు, పై పోస్టుల్లో ఎందరు, లెక్కేమైనా ఉందా అని. నేనేదో బూతు మాట్లాడినట్టు చూసింది. అలా లెక్క రాయడం చట్టం ఒప్పుకోదట. లెక్కే లేనప్పుడు రోగం ఉందని ఎవరు చెప్పాలి? ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా కాస్త వివరం చెప్పండి.

గోదారిగట్టు
ఇండియన్లకి ఇల్లివ్వరు, పోపు వాసనొస్తుందని. దీనికి లెక్కలెందుకు బ్రో, వాళ్లకి ముక్కు చాలు.

లెస్టర్_లక్ష్మి
సీను గారూ, ఆ గడులంటే నాకూ ఒకప్పుడు చిరాకే. ఇప్పుడు ఆస్పత్రి డేటా విభాగంలో పని చేస్తున్నా, రోజూ ఆ గడుల మీదే బతుకు. అందుకే నా అభిప్రాయం మారింది. ఇంగ్లండ్‌లో కాన్పు సమయంలో చనిపోయే తల్లుల్లో నల్లజాతి వాళ్ల ప్రమాదం తెల్లవాళ్ల కన్నా రెండు రెట్లకి పైగా ఎక్కువ అని తెలిసింది ఆ టిక్కుల వల్లే. అది తెలిశాకే పార్లమెంటులో అడగడం మొదలైంది. పోలీసులు రోడ్డు మీద ఆపి సోదా చేసేది నల్లవాళ్లని దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఇదీ అంతే, ఆపిన ప్రతిసారీ జాతి రాయాలి కాబట్టి తెలిసింది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1979లో లండన్‌లోని హారింగేలో జనగణన ట్రయల్ వేసి జాతి ప్రశ్న అడిగితే చాలామంది జవాబివ్వలేదు. మమ్మల్ని పంపించెయ్యడానికే అడుగుతున్నారని భయం. దాంతో 1981 జనగణనలో ఆ ప్రశ్న తీసేశారు. 1991లో గానీ రాలేదు. నిన్న భయపడి వద్దన్నవాళ్ల పిల్లలే ఇవాళ లెక్క చూపించమంటున్నారు.

ఇళ్ల సంగతి అంటారా, 1960ల్లో ఇక్కడ కిటికీలకి 'నల్లవాళ్లకు ఇవ్వం' అని బోర్డులుండేవి. 1965లో వచ్చిన మొదటి చట్టం హోటళ్లు, పబ్బులు లాంటి బహిరంగ చోట్ల వరకే. ఇల్లు, ఉద్యోగం దాని కిందకి రాలేదు. అవి 1968లో చేర్చారు. 1976లో పరోక్ష వివక్షని కూడా. అంటే పైకి అందరికీ ఒకటే రూలు, దెబ్బ మాత్రం ఒక గుంపుకే తగలడం.

బెర్లిన్_బాబాయ్
లెక్క, లెక్క అని అంత మురిసిపోకండి. ఆ లెక్క ఎవరి చేతిలో పడుతుందో కూడా చూడాలి కదా. 1940లో ఫ్రాన్స్‌ని జర్మన్లు పట్టుకున్నాక పోలీసులే యూదుల పేర్ల జాబితా రాశారు. తర్వాత ఆ జాబితా పట్టుకునే ఇళ్ల మీదకి వెళ్లారు. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్ ఎంత పక్కాగా ఉందంటే, అక్కడి యూదులకి అదే శాపమైంది. జర్మనీలో ఇప్పటికీ 'జాతి' అనే మాట ఎత్తితే గదిలో గాలి ఆగిపోతుంది.

అదంతా పాత కథ అంటారా? 2013లో స్వీడన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. స్కోనె ప్రాంతం పోలీసులు 4,000 మందికి పైగా రోమాల (జిప్సీలు అంటారే, వాళ్ల) పేర్లు వంశవృక్షాల్లా రాసి పెట్టుకున్నారు. అందులో పసిపిల్లలున్నారు. ఏ నేరమూ చెయ్యనివాళ్లున్నారు. స్వీడన్‌లో, హిట్లర్ కాలంలో కాదు.

గోదారిగట్టు
బాబాయ్ ఎంటరయ్యాడు, ఇంక పాప్‌కార్న్ తెచ్చుకోండి.

లియోన్_లత
12 ఏళ్లుగా ఫ్రాన్స్‌లో ఉన్నా, అద్దెదారుల సంఘంలో వలంటీర్‌ని. సీను గారూ, మీ హెచ్‌ఆర్ ఆవిడ చెప్పింది సగం నిజం.

1978 చట్టం ప్రకారం జాతి, మతం లాంటి వివరాలు సేకరించడం మామూలుగా కుదరదు. ఆ మనిషి ఒప్పుకోవడం, పేర్లు లేకుండా చెయ్యడం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. 2007లో ఎంపీలు ఒక చట్ట సవరణలో ఈ గణాంకాలకి కొంచెం దారి తెరవబోతే రాజ్యాంగ మండలి కొట్టేసింది. ఒక కారణం రాజ్యాంగం మొదటి అధికరణం: పుట్టుక, జాతి, మతం భేదం లేకుండా పౌరులందరూ సమానం. కానీ ఆ తీర్పు, దాని మీద మండలి రాసిన వ్యాఖ్య ప్రకారం పుట్టిన దేశం, పౌరసత్వం, ఇంటి పేరు లాంటివి చూడొచ్చు. ఆ సందులోంచే ఇక్కడి పరిశోధకులు పని చేస్తారు. జనాభా అధ్యయన సంస్థ ఇనెద్, గణాంక సంస్థ ఇన్సే కలిసి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి పెద్ద సర్వేలు చేశాయి. అమ్మానాన్న ఎక్కడ పుట్టారు అని అడిగి, వాళ్ల పిల్లలకి ఉద్యోగం, ఇల్లు ఎలా దొరుకుతున్నాయో చూశారు. కాబట్టి లెక్క బొత్తిగా లేదనలేం. మీ కంపెనీ లెక్క, మీ వీధి లెక్క మాత్రం దొరకదు.

2025 జనవరి జనగణనలో తల్లిదండ్రులు పుట్టిన చోటు అడిగారు. ఇష్టమైతేనే రాయొచ్చు. దానికే మానవ హక్కుల సంఘం, కొన్ని యూనియన్లు 'రాయకండి' అని ప్రచారం చేశాయి. గమనించండి, వద్దన్నది జాత్యహంకారులు కాదు, వాళ్లని ఎదిరించేవాళ్లు.

సీన్‌నది_సీను
లత గారూ, అంటే ఇక్కడ ప్రభుత్వం అసలేమీ చెయ్యట్లేదా, వేరే దారిలో చేస్తోందా?

లియోన్_లత
చేస్తోంది, మనిషి పేరు ఎత్తకుండా పేట పేరుతో. 1981 నుంచి కొన్ని పేటల బడులకి 'విద్యా ప్రాధాన్య ప్రాంతాలు' అని అదనంగా టీచర్లు, డబ్బులు. 2014 తర్వాత పేదరికం ఎక్కువున్న దాదాపు 1,500 పేటల్ని ఎంచుకున్నారు. ఎంపికకి కొలత ఆదాయం ఒక్కటే. అక్కడ ఎవరుంటారో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ రాయరు. ప్యారిస్‌లో పేరున్న సియాన్స్ పో కాలేజీ 2001లో ఇలాంటి పేటల హైస్కూళ్లతో ఒప్పందం పెట్టుకుని వేరే ప్రవేశ దారి తెరిచింది. మన భాషలో చెప్పాలంటే కులం సర్టిఫికెట్ అడగరు, 'లోకల్' సర్టిఫికెట్ అడుగుతారు.

నిజాంపేట_నాని
అంటే ఆ పేటలో ఉన్న డబ్బున్నోడి కొడుకు సీటు కొట్టేస్తాడు. మన దగ్గర చూడలేదా ఏంటి.

లియోన్_లత
ఆ విమర్శ ఇక్కడా ఉంది నాని. పైకొచ్చినవాళ్లు పేట వదిలి పోతారు, పేదవాళ్లు వచ్చి చేరతారు, పేట మళ్లీ పేదగానే కనపడుతుంది. పథకం పని చేసిందో లేదో తేల్చడం కష్టం.

పాత_కాపు
నాకొకటి అర్థం కాదు. మనం వెళ్లింది సంపాదించుకోడానికి. వాళ్ల దేశం, వాళ్ల ఇల్లు. ఇస్తే ఉందాం, లేకపోతే ఇంకోటి చూసుకుందాం. సీను తమ్ముడూ, 24వది పంపు.

నల్లకోటు
@పాత_కాపు, ఇష్టం వచ్చినవాళ్లకి ఇచ్చుకునే హక్కు వాళ్లకి లేదండీ, అదే సంగతి. 2000లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం ఇచ్చింది, సంఖ్య 43. జాతిని బట్టి ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, ఇంటి అద్దెలో తేడా చూపకూడదు. సభ్య దేశాలన్నీ దానికి తగ్గట్టు చట్టాలు చేసుకోవాలి. ముఖ్యమైన మాట ఏంటంటే, అనుమానించదగ్గ ఆధారం మీరు చూపిస్తే చాలు, తేడా చూపలేదని నిరూపించుకునే భారం అవతలివాడి మీదకి పోతుంది.

కానీ మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన లొసుగు ఒకటుంది. పౌరసత్వాన్ని బట్టి చూపే తేడా ఆ ఆదేశం కిందకి రాదు. 'నువ్వు భారతీయ జాతివాడివి' అంటే యూరప్ చట్టం పట్టుకుంటుంది. 'నీ వీసా ఏడాదిలో అయిపోతుంది' అన్నాడనుకోండి, ఆ ఆదేశం పట్టుకుని వాడి మీదకి వెళ్లడం కష్టం. తెలివైన ఓనరు రెండో మాటే అంటాడు.

గోదారిగట్టు
తెలివైన ఓనరు అసలేమీ అనడు, ఫోన్ ఎత్తడు.

నల్లకోటు
హహ, నిజమే. కానీ తెలివితక్కువ వాళ్లు కూడా ఉంటారు. బెల్జియంలో తలుపులు బిగించే కంపెనీ యజమాని ఒకాయన 'మా కస్టమర్లు ఒప్పుకోరు, వలస వాళ్లని పనిలోకి తీసుకోను' అని బహిరంగంగా అన్నాడు. ఇదిగో బాధితుణ్ణి అని ముందుకొచ్చిన మనిషి ఒక్కడూ లేడు. అయినా 2008లో యూరప్ కోర్టు, అంటే యూరోపియన్ యూనియన్ కోర్టు, ఆ మాటే వివక్ష అంది.

ఇంకోటి నాకు బాగా నచ్చిన కేసు. బల్గేరియాలో దూప్నిత్సా అనే ఊళ్లో రోమాలుండే వాడ. ఊరంతా కరెంటు మీటర్లు 1.70 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి కళ్లకి ఎదురుగా. ఆ వాడలో మాత్రం స్తంభాల మీద 6, 7 మీటర్ల ఎత్తున. కరెంటు దొంగతనం చేస్తారని. తన మీటరు తను చూసుకోవాలంటే నిచ్చెన కావాలి. కేసు వేసింది ఆ వాడలో కిరాణా కొట్టు నడిపే ఒకావిడ. ఆవిడ రోమా కాదు. నేను రోమా కాకపోయినా వీళ్ల మధ్య ఉన్నందుకు నాకూ ఇదే మర్యాదా అని అడిగింది. 2015లో కోర్టు ఆవిడ వైపు నిలబడింది. ఎవరో కొందరు దొంగతనం చేశారని వాడ మొత్తానికి ముద్ర వెయ్యడం అవమానం అంది.

ఎర్రసిరా
మీటరు సంగతి చదువుతుంటే ఊరి చివర ఉన్న ఏ వాడయినా గుర్తొస్తుంది. నేను పెరిగింది అలాంటి వాడలోనే. కరెంటోళ్ల జీపు ఊళ్లోకి వచ్చిందంటే ముందు మా వాడకే.

క్లూజ్_డాక్టరమ్మ
రొమేనియాలో ఎంబీబీఎస్ నాలుగో ఏడు. మా క్లాసులో రోమా అమ్మాయి ఒకతి ఉంది, నాకు బాగా దగ్గర. ఇక్కడ అందరికీ తెలియని సంగతి చెప్తా: రొమేనియాలో రిజర్వేషన్ ఉంది! 1992లో బుకారెస్ట్ యూనివర్సిటీలో సోషల్ వర్క్ కోర్సులో రోమాలకి కొన్ని సీట్లతో మొదలైంది, తర్వాత వేరే యూనివర్సిటీలకి, హైస్కూళ్లకి పాకింది. రోమా అని రుజువు ఏంటంటే రోమా సంఘం ఇచ్చే ఉత్తరం. పార్లమెంటులో కూడా గుర్తింపు ఉన్న ప్రతి మైనారిటీకి ఒక సీటు ఇస్తారు.

మా ఫ్రెండ్ ఆ సీటులోనే వచ్చింది. క్లాసులో ఎవరికీ చెప్పలేదు. నాకే రెండేళ్ల తర్వాత చెప్పింది, ఏడ్చింది. 'కోటా పిల్ల' అంటారని భయం. నేను తనతో మా దగ్గర కూడా ఇంతే అన్నాను. తను నమ్మలేదు. వాళ్ల భాషలో ఐదుని 'పంజ్' అంటారు, ముక్కుని 'నఖ్'. హిందీలా ఉంది కదా? ఎప్పుడో వెయ్యేళ్ల కింద మన ఉత్తరాది వైపు నుంచి వెళ్లినవాళ్లే.

గోదారిగట్టు
ముక్కు గురించి మొదటే చెప్పా, ఎవరూ పట్టించుకోలేదు.

నిజాంపేట_నాని
రోమాల గొడవ, మన గొడవ ఒకటెట్లా అయితది? మనవాళ్లు జీతాలు బాగానే తీసుకుంటున్నరు గద.

లెస్టర్_లక్ష్మి
నాని అన్నదాంట్లో పాయింటుంది. ఇంగ్లండ్ స్కూలు పరీక్షల లెక్కల్లో చైనీస్, ఇండియన్ పిల్లలు తెల్లపిల్లల సగటు కన్నా పైన. అట్టడుగున రోమా, ఐరిష్ ట్రావెలర్ (ఐర్లండ్ సంచార జాతి) పిల్లలు. 'మైనారిటీలు' అని అందర్నీ ఒకే సంచిలో వేస్తే ఇది కనపడదు. అందుకే గడులు ఎక్కువ కావాలి అంటాను.

నల్లకోటు
లక్ష్మి గారి మాటకి ఒక తోక. చెక్ రిపబ్లిక్‌లో ఒస్త్రావా అనే ఊళ్లో 18 మంది రోమా పిల్లల్ని బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల బడుల్లో వేశారు. స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టుకి వెళ్తే 2006లో ఓడిపోయారు. 2007లో విస్తృత ధర్మాసనం ముందు గెలిచారు. గెలిపించింది అంకెలే. ఆ ఊళ్లో రోమా కాని పిల్లల్లో 1.8 శాతం మంది ఆ బడుల్లో ఉంటే, రోమా పిల్లల్లో 50.3 శాతం. 27 రెట్లు. మరి ఈ అంకెలు ప్రభుత్వం ఇచ్చిందా? లేదు. లాయర్ల బృందం బడి బడికీ హెడ్మాస్టర్లకి ప్రశ్నపత్రాలు పంపి పోగేసింది. బాబాయ్, దీనికేమంటారు?

బెర్లిన్_బాబాయ్
మంచి లెక్క అంటాను. ఎందుకంటే ఆ లెక్క పోగేసింది బాధితుల వైపు వాళ్లు, పేర్లు లేకుండా, ఒక కేసు కోసం. పోలీస్ స్టేషన్ కంప్యూటర్లో లేదు. నేను లెక్కకి శత్రువుని కాదు, తాళం ఎవరి దగ్గరుందని అడుగుతున్నా.

జర్మనీ మధ్యే మార్గం ఒకటి పట్టింది. 2005 నుంచి 'వలస నేపథ్యం' అని లెక్క. మీరు గానీ, మీ అమ్మానాన్నల్లో ఒకరు గానీ పుట్టుకతో జర్మన్ పౌరులు కాకపోతే ఆ గుంపు. దీంతో తమాషా ఏంటంటే, నా మనవడు రేపు ఇక్కడ పుడితే, వాడి అమ్మానాన్నలిద్దరూ పుట్టుకతో జర్మన్ పౌరులైతే, వాడు లెక్కలోంచి మాయం. రంగు మాత్రం మాయం కాదు. ఇది లోపమే, ఒప్పుకుంటా. ఇంకో లోపం కూడా చెప్తా, మీరెలాగూ తవ్వుతారు. 2006 సమానత్వ చట్టంలో ఇంటి అద్దెలకి ఒక సందు వదిలారు. నివాసాల్లో సమతుల్యత కోసం అని చెప్పి తేడా చూపొచ్చట.

హేగ్_హరి
తాళం అన్నారు కాబట్టి మా నెదర్లాండ్స్ కథ. పిల్లల సంరక్షణకి ప్రభుత్వం డబ్బు సాయం ఇస్తుంది. పన్నుల శాఖ మోసగాళ్లని పట్టడానికి ఒక ప్రోగ్రాం పెట్టింది. అందులో దరఖాస్తుదారుకి డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నది ఒక ప్రమాద సూచిక. ఒక సంతకం మర్చిపోయినా ఏళ్ల తరబడి ఇచ్చిన సొమ్మంతా తిరిగి కట్టమన్నారు. వేల వేల యూరోలు. 20,000 మందికి పైగా తల్లిదండ్రులు చితికిపోయారు. ఇళ్లు పోయాయి, కాపురాలు పోయాయి. 2021 జనవరిలో ప్రధాని రుట్టె ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. ఆ ఏడాది చివర్లో డేటా రక్షణ సంస్థ పన్నుల శాఖకి 27.5 లక్షల యూరోల జరిమానా వేసింది.

మా పక్కింటి మొరాకో ఆవిడ ఒకరు ఇందులో ఇరుక్కున్నారు. పరిహారం 30,000 యూరోలు వచ్చింది. 'నా కొడుకు చిన్నప్పుడు నేను వాడికి కొనలేని సైకిలు ఇప్పుడు కొంటే వాడెక్కుతాడా' అంది. వాడికిప్పుడు ఇరవై దాటాయి.

పాత_కాపు
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆర్హుస్_అప్పారావు
డెన్మార్క్ వాళ్లం మేం చెయ్యి ఎత్తకపోతే ఎలా. ఇక్కడ లెక్క ఉంది, వాడేది తిరగేసి. 2018 చట్టం ప్రకారం 1,000 మందికి పైగా ఉన్న హౌసింగ్ కాలనీలో 'పాశ్చాత్యేతరులు', వాళ్ల పిల్లలు సగం దాటి, నిరుద్యోగం, నేరాలు లాంటి కొలతల్లో కూడా వెనకపడితే దాన్ని 'ఘెట్టో' అన్నారు. అవును, చట్టంలోనే ఆ మాట. 2021లో మాట మార్చి 'సమాంతర సమాజం' అన్నారు. ఏళ్ల తరబడి జాబితాలో ఉంటే కుటుంబాలకిచ్చే సామాజిక ఇళ్లని 2030కల్లా 40 శాతానికి తగ్గించాలి. అంటే అమ్మెయ్యి, లేదా పడగొట్టు. ఆ కాలనీల్లో ఏడాది నిండిన పిల్లల్ని వారానికి 25 గంటలు డేకేర్‌లో వెయ్యాలి, లేకపోతే పిల్లల భత్యం కట్.

'పాశ్చాత్య' జాబితాలో ఆస్ట్రేలియా ఉంది, న్యూజీలాండ్ ఉంది. జపాన్ లేదు! భూగోళం మాస్టారు చూస్తే బెత్తం తీస్తాడు.

కోపెన్‌హాగన్‌లో మ్యోల్నర్‌పార్కెన్ అనే కాలనీ వాళ్లు కేసు వేశారు, అది యూరప్ కోర్టు దాకా వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో అక్కడి అడ్వొకేట్ జనరల్ (తీర్పుకి ముందు కోర్టుకి సలహా ఇచ్చే అధికారి) ఇది సూటిగా జాతి వివక్షే అని అభిప్రాయం చెప్పారు.

నిజాంపేట_నాని
డేకేర్ ఫ్రీగా పెట్టి భాష నేర్పిస్తే తప్పేంది అన్నా? మంచిదే గద.

ఆర్హుస్_అప్పారావు
నా కూతురూ డేకేర్‌లోనే పెరిగింది, బంగారంలా డానిష్ మాట్లాడుతుంది. నేను ఇష్టపడి పంపాను. పక్క కాలనీ ఆవిడని భత్యం ఆపేస్తామని పంపించారు. రెండూ ఒకటేనా?

బెల్‌ఫాస్ట్_బుజ్జి
నర్సుని, ఇక్కడికొచ్చి ఆరేళ్లు. యూరప్‌లో రిజర్వేషన్ రొమేనియాలోనే అనుకుంటున్నారేమో, ఉత్తర ఐర్లండ్ పోలీసుల్లో పదేళ్లు సగానికి సగం పెట్టారు! 2001 నుంచి 2011 వరకు తీసుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరు కాథలిక్. అప్పటికి కాథలిక్కులు పోలీసుల్లో 8 శాతం. పదేళ్లకి 30 శాతం దాకా వచ్చారు. మత వివక్ష మీద యూరప్ ఇచ్చిన ఇంకో ఆదేశంలో దీనికోసం ప్రత్యేకంగా మినహాయింపు రాయించుకున్నారు. ఆపేశాక అక్కడే దాదాపు ఆగిపోయింది.

ఇక్కడ ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ వర్గం అని ఫారం ఇస్తారు. రాయను అంటే మీరు చదివిన బడి పేరు చూసి తేల్చేస్తారు. నేను చదివింది గుంటూరులో సిస్టర్ల కాన్వెంటు. నేను హిందువుని. ఆ అమ్మాయి ఫారం పట్టుకుని పది నిమిషాలు ఆలోచించింది. 'కాథలిక్ హిందువా, ప్రొటెస్టెంట్ హిందువా' అని ఇక్కడొక పాత జోకుందిలే, అది నాకు నిజంగా జరిగింది.

గోదారిగట్టు
ఈ థ్రెడ్‌లో నన్ను మించిన జోకు పడింది. నేను రిటైర్.

నిజాంపేట_నాని
పేరే కొట్టేస్తే పోలా? సీవీలో పేరు, ఫొటో లేకుంటే ఎవడు ఏందో ఎవడికి తెలుస్తది.

లియోన్_లత
అదీ చేశారు నాని. 2006లో ఫ్రాన్స్ పేరు లేని సీవీని చట్టంలో పెట్టింది. తప్పనిసరి చేసే ముందు 2009, 2010లో కొన్ని జిల్లాల్లో ప్రయోగం చేస్తే ఫలితం అడ్డం తిరిగింది. పేరు లేనప్పుడు వలస కుటుంబాల పిల్లలకి ఇంటర్వ్యూ పిలుపులు ఇంకా తగ్గాయి. ఎందుకంటే ప్రయోగానికి ముందుకొచ్చిన కంపెనీలు అప్పటికే వాళ్ల పట్ల కాస్త సానుభూతి ఉన్నవి. పేరు, పేట కనపడితే సీవీలో ఉన్న ఖాళీలని అర్థం చేసుకునేవారు. పేరు పోయేసరికి ఖాళీలే మిగిలాయి. 2015లో తప్పనిసరి అన్నమాట తీసేశారు.

ఎర్రసిరా
అందరూ యూరప్‌ని బాగా ఉతుకుతున్నారు, నాకేం అభ్యంతరం లేదు. ఒకటి అడుగుతా. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు పెట్టారు. 2013లో పార్లమెంటు 'చేర్చాల్సిందే' అంది. దానికి అడ్డం పడ్డది ఎవరు? మన సంఘాలే. 2018లో ప్రభుత్వం చేర్చం, కోర్టు తీర్పులు చాలు అని పక్కన పెట్టింది. మనల్ని తెల్లవాడు వేరుగా చూస్తే చట్టం కావాలి, మనం ఒకళ్లనొకళ్లం చూస్తే వద్దా?

లెక్కల గురించీ అంతే. తెలంగాణలో 2024లో ఇంటింటి కులసర్వే చేస్తే ఇదే రెండు వాదనలు. లెక్కపెడితే కులం ఇంకా గట్టిపడుతుందన్నవాళ్లు, లెక్క లేకపోతే మా వాటా ఎంతో ఎలా తెలుస్తుందన్నవాళ్లు. బాబాయ్ భయం నాకర్థమవుతుంది. కానీ వద్దన్నవాళ్లలో నాకు ఎక్కువ కనపడింది పై మెట్టు మీదున్నవాళ్లే.

లెస్టర్_లక్ష్మి
ఎర్రసిరా గారూ, 'మన సంఘాలు' అని అందర్నీ కలపొద్దు. మేం లెస్టర్‌లో చేర్చాలని సంతకాలు పెట్టినవాళ్లమే. ఎక్కువమంది పెట్టలేదన్నది మాత్రం నిజం.

నిజాంపేట_నాని
అసలు హైదరాబాద్‌ల ఇల్లు వెతికినోళ్లు ఎవరన్న ఉన్నరా ఈడ? 'వెజ్ ఓన్లీ' బోర్డు, 'మీరేమిట్లు?' అని అడుగుడు. నేను ఆరు ఇండ్లు తిరిగిన. ఒక్క ఓనరు నా జీతం అడగలే. ఇంటిపేరు అడిగిండ్రు. సీనన్నా, మీకు ఊళ్లె ఇల్లుందా? కిరాయికి ఇచ్చిన్రా?

సీన్‌నది_సీను
నాని, గట్టిగా తగిలింది. విజయవాడలో మా ఇంటి పై వాటా అద్దెకిస్తాం. గేటుకి 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డుంది. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ ఉంది. ఇన్నేళ్లలో దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పాత_కాపు
అది తిండి గురించి తమ్ముడూ, జాతి గురించి కాదు.

నల్లకోటు
'పైకి అందరికీ ఒకటే రూలు, దెబ్బ మాత్రం ఒక గుంపుకే'. లక్ష్మి గారు పైన రాసిందే. 1976.

లియోన్_లత
సీను గారూ, పనికొచ్చే మాట చెప్తా. మీరు కొలీగ్‌తో ఫోన్ చేయించారు చూడండి, దాన్ని ఇక్కడ 'టెస్టింగ్' అంటారు. క్రిమినల్ కేసులో అది ఆధారంగా చెల్లుతుందని 2006లో చట్టంలోనే రాశారు. కాల్ చేసిన తేదీ, టైము, ఎవరేమన్నారో ఇద్దరూ వేర్వేరుగా రాసి సంతకం పెట్టండి. ఇంటి ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకోండి. 39 28కి ఫోన్ చెయ్యండి, అది హక్కుల రక్షకుడి సంస్థ నడిపే లైను. ఇంతకుముందు వివక్ష ఫిర్యాదులకి 'ఆల్డ్' అని వేరే సంస్థ ఉండేది, 2011లో ఇందులో కలిపేశారు. త్వరగా తేలుతుందని మాత్రం చెప్పను.

హేగ్_హరి
లండన్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి. అక్కడ ఇల్లిచ్చే ముందు వీసా చూడాలని ఓనర్లకే డ్యూటీ వేశారు కదా. దానివల్ల కొందరు ఓనర్లు విదేశీ పేరు కనపడితే తప్పించుకుంటున్నారని 2020లో అప్పీల్ కోర్టే ఒప్పుకుంది. అయినా పథకం చెల్లుతుందంది.

లెస్టర్_లక్ష్మి
ఒప్పుకుంటున్నా హరి గారూ. గడులున్నంత మాత్రాన బుద్ధి రాదు. ఎంత రాలేదో తెలుస్తుంది.

బెర్లిన్_బాబాయ్
ఇదీ మాట. నాలుగు రోజుల్లో లక్ష్మి రాసినవాటిలో నాకు నచ్చింది ఇదొక్కటే.

సీన్‌నది_సీను
అప్‌డేట్. 39 28కి చేశాను. ఓపిగ్గా విన్నారు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టమన్నారు. అందులో ఏ కారణంగా వివక్ష జరిగిందో ఎంచుకోవాలి. 20కి పైగా కారణాలున్నాయి. 'జాతి లెక్క రాయం' అనే దేశంలో ఇంత పెద్ద జాబితా చూసి నవ్వొచ్చింది. పుట్టుక, రూపం, ఉంటున్న చోటు... కింద ఇంకోటి, ఇంటి పేరు. ఇంటి పేరు మీద వివక్ష అని వేరే ఉందండీ ఇక్కడ! ఏజెన్సీ వాళ్లు నన్ను చూడనే లేదు, నా దోసియే మీద పేరు చూసి ఆపేశారు. అందుకని అదే టిక్కు పెట్టా.

నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. 'ఇంటి పేరు చూసి ఇల్లివ్వకపోవడమేంట్రా, ఎంత అన్యాయం' అన్నాడు. సరే నాన్నా, మన గేటు మీద బోర్డు తీసేద్దామా అన్నా. కాసేపు చప్పుడు లేదు. 'ముందు నీకు ఇల్లు దొరకనీ, తర్వాత చూద్దాం' అన్నాడు.

నిజాంపేట_నాని
పై వాటా ఖాళీ ఉందా అన్నా? మా తమ్ముడికి బెజవాడల జాబ్ వచ్చింది. చికెన్ తింటడు, ముందే చెప్తున్న.